ఉల్లికాడకీ పురుగుకీ మధ్య

టో క్వా వాన్‌లో మా వీధి సంతకి వచ్చేవాళ్లకి కూరలు కనబడకముందే మాక్ లిన్‌తాయ్ గొంతు వినబడేది. మందుల షాపు మూల తిరక్కుండానే ఇవాళ ఏ ఆకు లేతగా ఉందో, ఏ కాయ ముదిరిందో, ఎవరు అరగంట బేరమాడి ఉత్త చేతులతో పోయారో తెలిసిపోయేది. పందొమ్మిదో ఏట తల్లి దగ్గర్నించి ఆ కొట్టు తీసుకుంది. ఓడరేవులో పనిచేసే మొగుడు, కూతురు పుయ్‌షాన్‌కి ఆరేళ్లప్పుడు పోయాడు. ఆ తర్వాత ఆ కూరల బల్ల వెనకే నిలబడి పిల్లని పెంచింది, చదివించింది, పోస్టాఫీసులో ఉద్యోగస్తురాల్ని చేసింది.

ఆమె దగ్గర కూరతో పాటు మాట కూడా దొరికేది. "పిల్లాడికి దగ్గా? పొడి దగ్గా, కఫమా? పొడి దగ్గయితే ఈ ఆకు పట్టుకెళ్లి పంది ఎముకలతో రెండు గంటలు మరిగించు. కఫమైతే దీని జోలికి పోకు, ఎదురుగా మా పున్ దగ్గర ఎముకలు కూడా కొనకు, నిన్నటివి." కాపరానికి వచ్చిన కొత్తపిల్లలు అత్తల్ని అడగలేనివి ఈమెని అడిగేవాళ్లు. సంచీ కట్టాక చివర్న "ఉల్లికాడ కావాలా?" అని, ఔనన్నా కాదన్నా నాలుగు కాడలు పైన పెట్టేది. మా సంతలో ఉల్లికాడకి డబ్బు తీసుకోరు.

ఎదురు కొట్టు పంది మాంసం పున్‌ది. ఇరవై ఏళ్లుగా వాళ్లిద్దరూ దారికి అటొకరు ఇటొకరు నిలబడి తిట్టుకుంటూనే ఉన్నారు.

"తాయ్ అక్కా, నీ అరుపులకి నా మాంసం పాడైపోతోంది."

"నా అరుపులకి కాదురా, పొద్దున్నుంచీ నీ మొహం చూసి."

అలాంటి గొంతు, యాభై రెండో ఏట చలికాలంలో బొంగురుపోయింది. అరిచి అరిచి అలా అయిందనుకుంది. చేదు కషాయం తాగింది, సిగరెట్లు సగం తగ్గించింది. మూడు నెలలైనా తగ్గకపోతే పుయ్‌షాన్ బలవంతాన ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరు గొట్టం పెట్టి చూశాడు, ముక్క తీసి పరీక్షకి పంపాడు, వారం తర్వాత ఇద్దర్నీ కూర్చోబెట్టాడు.

"స్వరపేటిక మొత్తం తీసెయ్యాలమ్మా."

"తీసేస్తే?"

"బతుకుతారు."

"మాట?"

"ఇప్పటిలా రాదు. మెడ దగ్గర చిన్న కన్నం పెడతాం, ఊపిరి అక్కణ్నించే. మాటకి వేరే దారులున్నాయి, నేర్పిస్తారు."

పుయ్‌షాన్ ఏడుస్తోంది. లిన్‌తాయ్ కూతురి చేతిలో రుమాలు పెట్టి, "ఎన్నాళ్లకి కొట్టు తెరుచుకోవచ్చు?" అని అడిగింది. సొంత గొంతుతో ఆమె డాక్టరుని అడిగిన ఆఖరి ప్రశ్న అదే.

రెండు నెలలకి తిరిగొచ్చింది. మెడ కన్నం మీద తెల్లటి గుడ్డ కట్టుకునేది. చిత్రమైన ఇబ్బందులు వచ్చి పడ్డాయి. ఊపిరి ముక్కులోంచి పోదు గనక వాసన తెలీదు. కొత్తిమీర కట్ట మొహానికి ఆనించుకున్నా గడ్డి పరకలాగే ఉంటుంది. ఊపిరి బిగబట్టడం కుదరదు గనక బూడిదగుమ్మడికాయ ఎత్తితే చేతుల్లో సత్తువ నిలవదు. వాటికి లొంగలేదు. ఆకుని గోటితో గిల్లి తాజాదనం చూడడం నేర్చుకుంది, కాయల్ని దొర్లించుకుంటూ తెచ్చేది.

లొంగనిది మాట. ఆస్పత్రివాళ్లు ఒక యంత్రం ఇచ్చారు, టార్చిలైటంత ఉంటుంది. మెడకి ఆనించి మీట నొక్కి పెదవులు కదిపితే మాట వస్తుంది. వస్తుంది కానీ, మొదట్నుంచి చివరిదాకా ఒకటే రొద, సీసాలో ఇరుక్కున్న తుమ్మెదలాగా.

ఇంకో భాషవాళ్లకైతే అదీ చాలునేమో. మా కాంటనీస్‌లో మాట సగం అక్షరంలో ఉంటే సగం రాగంలో ఉంటుంది. 'ఛుంగ్' అని పైస్థాయిలో అంటే ఉల్లికాడ, కిందికి దించి అంటే పురుగు. 'లేయ్' అన్నది ఒక రాగంలో బేరిపండు, ఇంకో రాగంలో రేగుపండులాంటి పుల్లటి ప్లమ్ము, మరో రాగంలో పంది నాలుక. 'ఙో' అంటే నేను, 'ఙో' అంటే పెద్దబాతు, 'ఙో' అంటే ఆకలి. ఆఖరికి కొనడమూ అమ్మడమూ కూడా రెండూ 'మాయ్' లే. రాగం తీసేస్తే మిగిలేది పొట్టు.

మొదటివారంలోనే ముసలి యిప్ గారమ్మ వచ్చింది. ఆవిడకి మర్నాడు గుండె పరీక్ష. చైనా ఆవకూర ఎంత అని అడిగింది. లిన్‌తాయ్ యంత్రం ఆనించి "సేయ్" అంది. నాలుగు డాలర్లని ఆమె ఉద్దేశం. రాగం లేని 'సేయ్' ఆ ముసలి చెవికి 'చావు' అని వినబడింది. యిప్ గారమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. లిన్‌తాయ్ కంగారుగా చెయ్యి ఊపి, మంచి చేసుకుందామని ఉల్లికాడలు తీసి "ఛుంగ్? ఛుంగ్?" అంది.

"చావమంటావు, పురుగులిస్తానంటావు! నేన్నీకేం చేశానే తాయ్!" అని ఆవిడ సంచీ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

చేత్తో చూపించొచ్చు, అట్టముక్క మీద ధర రాయొచ్చు. రాసింది కూడా. కానీ టోకు వర్తకుడు లాయ్‌తో వ్యవహారమంతా ఫోన్లో. మధ్యాహ్నం రెండింటికి ఆమె కావలసినవి చెబితే మర్నాడు పొద్దున్నే లారీలో దిగేవి. మొదటిసారి ఆ రొద విని ఎవడో ఆటపట్టిస్తున్నాడనుకుని లాయ్ ఫోన్ పెట్టేశాడు. రెండోసారి విన్నాడు, పాపం శ్రద్ధగానే రాసుకున్నాడు. సూపులోకి వేసే బేరిపళ్లు రెండు బుట్టలడిగితే ప్లమ్ములు రెండు బుట్టలు వచ్చాయి.

ఆ బుట్టలు చూసి పున్ దారి దాటి వచ్చాడు. ఏమంటాడోనని ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని సిద్ధంగా నిలబడింది. అతను తిట్టలేదు. రెండు కాటీల ప్లమ్ములు, అంటే కిలోకి పైనే, తూయించుకుని, "బావున్నాయి తాయ్ అక్కా, తియ్యగా ఉన్నాయి" అని మర్యాదగా చెప్పి వెళ్లిపోయాడు. అవి నోట్లో పెట్టుకుంటే పళ్లు పులిసే కాయలు. గొంతు పోయినందుకు ఏడవని మనిషి ఆ పూట బల్ల కింద కూర్చుని ఏడ్చింది. ఏడిస్తే శబ్దం కూడా రాలేదు.

ఆ సాయంత్రం పుయ్‌షాన్ కాగితం తెచ్చింది. సంత ఆఫీసులో కొట్టు తిరిగి అప్పగించే ఫారం.

"అమ్మా, ఇక చాలు. నా జీతం మనిద్దరికీ సరిపోతుంది. ఆ దుమ్ములో, ఆ తడిలో, మెడ తెరుచుకుని ఎందుకు? ఒక్క సంతకం పెట్టు."

లిన్‌తాయ్ కాగితం తీసుకుంది. మడిచి, సరిగ్గా నిలవని బల్ల కాలు కింద పెట్టింది.

మర్నాడు శనివారం. ఆస్పత్రిలో కట్టు మార్పించుకోవడానికి వెళితే పక్క గదిలోంచి ఎవరిదో మాట వినబడింది. గరగరలాడుతోంది కానీ మనిషి మాటే. తొంగి చూస్తే డెబ్బై ఏళ్లాయన, మెడ మీద తనలాగే గుడ్డ, చేతిలో యంత్రం లేదు. ఆయన ఫోక్. ఒకప్పుడు ఫెర్రీ మెట్ల దగ్గర నిలబడి జనాన్ని అదిలించే ఉద్యోగం. తొమ్మిదేళ్ల కిందట ఆయనకీ ఇదే జబ్బు. ఇప్పుడు శనివారాలు ఇలాంటివాళ్లకి మాట నేర్పుతాడు.

"కూర్చోమ్మా," అన్నాడు. "గాలి మింగాలి. కడుపుదాకా పోనివ్వకూడదు. సగంలో పట్టుకుని పైకి తేవాలి. అదే మాట."

లిన్‌తాయ్ పలక మీద రాసింది: 'త్రేన్పా?'

"త్రేన్పే. మర్యాదస్తులకి ఈ విద్య రాదు."

లిన్‌తాయ్ నవ్వింది. ఆపరేషన్ తర్వాత అదే మొదటిసారి. నాలుగు శనివారాలు గాలి మింగింది, కడుపుబ్బరం తప్ప ఏమీ రాలేదు. పక్కనున్న ఇద్దరు మగవాళ్లు మానేశారు. అయిదో వారం మాస్టారు పాఠం అట్ట ఇచ్చాడు: ఒకటి, రెండు, మూడు, అమ్మ, నాన్న, నమస్కారం. ఆమె అట్ట తిప్పి వెనక్కి ఇచ్చేసి, సంచీలోంచి తన కాగితం తీసింది. కొట్టువాళ్ల గొలుసుకట్టు రాతలో నలభై పేర్లు. ఆకుకూరలు, గుమ్మడి, కాకర, అల్లం, వెల్లుల్లి, తామరదుంప, చామదుంప, చిక్కుడు.

మాస్టారు చదివి, "ఇది పాఠమా, సూపా?" అన్నాడు.

ఆమె పలక మీద గట్టిగా గీసి రాసింది: 'అమ్మానాన్నలు పోయారు. నాకు ఇవి కావాలి.'

ఆయన కాగితం మీద వేలు పెట్టుకుని లోపల్లోపల పలికి చూసుకున్నాడు. "సరే. 'ఛోయ్'తో మొదలెడదాం. ఆకుకూరే కదా, నీకు రోజుకి వందసార్లు పని. 'ఛ' పలికేటప్పుడు నోట్లో గాలి దానంతటదే లోపలికి దూరుతుంది. తర్వాత 'క్వా', గుమ్మళ్లూ దోసలూ అన్నీ వచ్చేస్తాయి. తామరదుంప ఆఖర్న. 'ఙౌ' అనడానికి నాకే రెండేళ్లు పట్టింది."

ఏడో వారం, కొట్టులో ఆకులు కడుగుతుండగా, ఎవరూ అడక్కుండా 'ఛోయ్' అని బయటికి వచ్చింది. బకెట్లో నీళ్ల శబ్దమేమో అనుకుని మళ్లీ అంది. మళ్లీ వచ్చింది. వెంటనే దారికవతల నరుకుతున్న పున్ వైపు తిరిగి, గాలి మింగి, "చ్యూ!" అంది.

మా మాటలో పందినీ 'చ్యూ' అంటాం, వండడాన్నీ 'చ్యూ' అంటాం. రాగమే తేడా. పున్ కత్తి ఎత్తి అలాగే నిలబడిపోయాడు.

"వండమంటున్నావా, పందినంటున్నావా?"

ఆమె వేలు అతని వైపు చూపించింది.

"అమ్మయ్య," అన్నాడు పున్. కత్తి కింద పెట్టి మొహం తుడుచుకున్నాడు. "ముసల్దానా, ఎనిమిది నెలలైంది నువ్వు నన్ను తిట్టి. నోరు పడిపోయింది కదా అని జాలిపడి ఊరుకున్నాను. ఇక చూడు."

పుయ్‌షాన్‌కి మాత్రం నమ్మకం కుదర్లేదు. రోజంతా గాలి మింగి తల్లి రాత్రి అన్నం తినలేకపోతోంది, ఎముకలు తేలుతున్నాయి. "అమ్మా, ఒక పందెం," అంది ఒకనాడు. "నేను నీకు వీపు పెట్టి నిలబడతాను. నీ కాగితంలో నలభై పేర్లున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కసారే చెప్పు. నువ్వు చెప్పింది నేను తీసి బల్ల మీద పెడతాను. ముప్ఫై అయిదు సరిపోతే నేనింక నోరెత్తను. సరిపోకపోతే కాగితం మీద సంతకం పెట్టాలి."

లిన్‌తాయ్ తలూపింది. పున్ సాక్షి. ఆదివారం మధ్యాహ్నం సంత పలచబడ్డాక మొదలుపెట్టారు. పున్ కాగితం పట్టుకుని టిక్కులు పెడుతున్నాడు. ఆకుకూరలన్నీ సరిగ్గా వచ్చాయి. గుమ్మడి, దోస, కాకర సరిపోయాయి. "ఛుంగ్" అంది. పుయ్‌షాన్ బుట్టలన్నీ వెతికి, "నాకు పురుగనే వినబడుతోందమ్మా" అంది. పున్ ఇంటూ పెట్టాడు. "లేయ్" అంది. కూతురు చెయ్యి బేరిపళ్ల మీదకి వెళ్లి, ఆగి, ప్లమ్ముల మీద పడింది. ఇంటూ. వెల్లుల్లి అంటే, పులుపుకీ అదే మాట గనక, ఊరబెట్టిన పుల్లకూర వచ్చింది. తామరదుంప పేరులో రెండో సగం అసలు బయటికే రాలేదు.

నలభై అయ్యేసరికి లిన్‌తాయ్ చొక్కా తడిసిపోయింది. పున్ లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"ముప్ఫై ఒకటి," అన్నాడు నేల చూస్తూ.

పుయ్‌షాన్ బల్ల కాలు కిందనించి కాగితం లాగి, విప్పి, దాని మీద పెన్ను పెట్టింది. "ఓడిపోయావమ్మా."

లిన్‌తాయ్ గాలి మింగింది. "ఓడి... పోయాను." మళ్లీ మింగింది. "సంతకం... పెట్టను."

"మాటిచ్చావు!"

"ఇచ్చాను. పెట్టను."

"ఇదేం న్యాయం? పున్ మామా, నువ్వైనా చెప్పు."

"నన్ను లాగకు తల్లీ. మీ అమ్మ తొమ్మిదింటి దగ్గర ఓడింది, నేనీవిడ దగ్గర ఇరవై ఏళ్లనించీ ఓడుతున్నాను."

పుయ్‌షాన్ కోపంతో వెళ్లిపోయింది. నెల్లాళ్లు తల్లితో 'అన్నం తిన్నావా' తప్ప ఇంకో మాట లేదు. లిన్‌తాయ్ ఆ నెల వృథా చెయ్యలేదు. పున్ ఇంటూలు పెట్టిన కాగితం బల్ల పైన మేకుకి గుచ్చింది. ఆ తొమ్మిదీ చూసుకుంటూ కూర్చుంటే ఒక సంగతి తోచింది. నోరు తిరక్క పోయింది ఒక్క తామరదుంపే. మిగతా ఎనిమిదీ కవల మాటలు, రాగం లేకపోతే ఒకదాన్నించి ఒకటి విడదీయలేనివి. ఫోక్ మాస్టారుకి చూపించింది.

"అది మనకి పూర్తిగా రాదమ్మా," అన్నాడాయన. "పైస్థాయి కొంచెం వస్తుంది, కిందిస్థాయి కొంచెం వస్తుంది. మధ్యవన్నీ కలిసిపోతాయి. ఎదుటివాళ్లే సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి."

"ఫోన్లో... సందర్భం... ఎక్కడిది?" అంది.

రాగం నిలబెట్టలేని మాటని ఒంటరిగా పంపకూడదని ఆమె నిశ్చయించుకుంది. ఒక్కొక్కదానికీ ఒక తోడు కట్టింది. ఉత్త 'లేయ్' అనడం మానేసి 'మంచు బేరి', 'నల్ల ప్లమ్ము' అంది. ఉల్లికాడని అల్లంతో జతచేసి 'అల్లం-ఉల్లికాడ' అని ఒక్క ఊపులో అనేది. అల్లంతో పాటు పురుగుని ఎవరూ ఊహించరు. 'వెల్లుల్లి గడ్డ', 'వెల్లుల్లి రెబ్బ' అంది. కొంటాను, అమ్ముతాను అనే రెండు మాటలూ వదిలేసి 'నాకు పంపు', 'నువ్వు పట్టుకెళ్లు' అనడం మొదలుపెట్టింది. ఇక నాలుగనే అంకె, ఆ 'సేయ్'. దానికి ఎంత ఆలోచించినా తోడు దొరకలేదు. దాంతో కొట్టులోంచే తీసేసింది. ఆమె దగ్గర ఏదైనా మూడు డాలర్లు, లేదా అయిదు. నాలుగు ధర పలికే కూర వచ్చిందంటే మూడుకే ఇచ్చి ఉల్లికాడ ఇవ్వడం మానేసేది.

అన్నాళ్లూ లారీవాడికి చీటీ రాసిచ్చి సరుకు తెప్పించుకున్న మనిషి, ఆ నెలాఖర్న ఒక మధ్యాహ్నం లాయ్‌కి ఫోన్ చేసింది. పక్కన పున్ నిలబడ్డాడు, అవసరమైతే తను అందుకుందామని. ఆమె అతని చేతిని తోసేసింది.

"ఎవరు?" అన్నాడు లాయ్.

"మాక్... లిన్‌తాయ్. రాసుకో."

"తాయ్ అక్కా? ఏమిటా గొంతు, జలుబా?"

"జలుబే. రాసుకో."

ఇరవై మూడు రకాలు చెప్పింది. ఒక్కో మాటకీ ఒక్కో గుక్క గాలి. మామూలుగా రెండు నిమిషాల పని, పదిహేను నిమిషాలు పట్టింది. మధ్యలో లాయ్ "ఏదీ, మళ్లీ చెప్పు" అని రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ చెప్పింది. ఆఖరికి తామరదుంప. 'లిన్' వచ్చింది. 'ఙౌ' దగ్గర గాలి ఆగిపోయింది. మింగింది. మళ్లీ ఆగింది. అవతల లాయ్ ఫోన్ పెట్టెయ్యలేదు.

"కన్నాల దుంప," అంది.

లాయ్ పగలబడి నవ్వాడు. "అర్థమైందక్కా, అర్థమైంది."

పొద్దున్నే లారీ వచ్చేసరికి పుయ్‌షాన్ అక్కడుంది. పోస్టాఫీసుకి వెళ్లే దారిలో ఆగింది. బుట్టలు ఒక్కొక్కటే దిగుతుంటే పుయ్‌షాన్ మూతలు తీసి చూసింది. ఇరవై మూడూ సరిపోయాయి. కన్నాల దుంపలు ఆఖరి బుట్టలో, బురద కూడా ఆరకుండా ఉన్నాయి. పుయ్‌షాన్ ఉద్యోగపు చొక్కా చేతులు పైకి మడిచి బూడిదగుమ్మడికాయలు తనే ఎత్తి పెట్టింది.

"బుధ, శుక్రవారాలు నేను పొద్దున్న రెండు గంటలు వస్తాను," అంది. "బరువులు నువ్వు ముట్టుకోవద్దు. దాన్ని గురించి మాత్రం పందెం లేదు."

"సరే," అంది లిన్‌తాయ్.

యిప్ గారమ్మ ఇంకో మూడు నెలలకి గానీ రాలేదు. వచ్చి, దూరంగా నిలబడి, కూర ఎంత అని కర్రతో చూపించి అడిగింది. లిన్‌తాయ్ "మూడు" అంది. ఆవిడ దగ్గరికొచ్చింది.

ఆ తర్వాత పదమూడేళ్లు ఆ కొట్టు నడిపింది. వీధి సంతని ఎత్తేసి మున్సిపల్ భవనంలోకి మార్చినప్పుడు మొదటి అంతస్తులో గాలి బాగా వచ్చే మూల కొట్టు కావాలని ఆఫీసులో నిలబడి, గుక్కగుక్కకీ గాలి మింగుతూ వాదించి సాధించుకుంది. పాత గొంతులాగా వీధి మొగదాకా వినబడేది కాదు. బల్ల దగ్గరికి వచ్చి వినాలి. జనం వచ్చి వినడానికి అలవాటు పడ్డారు. ఏ సూపులో ఏది వెయ్యాలో చెబుతూ మాటకీ మాటకీ మధ్య ఆమె గాలి కోసం ఆగితే, కొత్తగా కాపరానికి వచ్చిన పిల్లలు కూడా సంచీ పట్టుకుని ఓపిగ్గా నిలబడేవాళ్లు.

ఫోక్ మాస్టారుకి కాళ్లు పడిపోయాక శనివారం తరగతి ఆమె చేతికి వచ్చింది. వెళ్లిన మొదటిరోజే ఒకటి రెండు మూడు అట్టలన్నీ బీరువాలో పడేసి, కొట్టునించి తెచ్చిన బుట్ట బల్ల మీద పెట్టింది. కొత్తగా చేరిన టాక్సీ డ్రైవరొకడు దాంట్లోకి తొంగి చూసి, పలక తీసుకుని, 'నాకు వంట రాదు' అని రాసి చూపించాడు.

లిన్‌తాయ్ ఒక ఆకుకూర కట్ట తీసి అతని చేతిలో పెట్టింది.

"అదీ... నేర్చుకో," అంది.